శబ్దం రాని పెట్టె

మా బావ చెవులు మామూలువి కావు. ఎంపీ3 పాట పెడితే అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెడతాడు. పాటంటే ఫ్లాక్ ఫైలే. సీడీలో ఉన్నదాంట్లో ఒక్క బిట్టు కూడా పారేయకుండా దాదాపు సగం సైజుకు కుదిస్తుందట. "ఎంపీ3 ఏం చేస్తుందో తెలుసా? మన చెవికి అందదులే అనుకున్నవన్నీ తీసేస్తుంది. నా చెవికి ఏది అందుతుందో తేల్చడానికి అదెవరు?" అని బావ బాధ. వంటింట్లోంచి అక్క ఎన్నిసార్లు పిలిచినా అందదు, అది వేరే విషయం.

అలాంటి మనిషి టీవీకి తగిలించడానికి ఓ బుల్లి కంప్యూటర్ కొనాలనుకున్నాడు. పెట్టె అరచేతిలో ఇమడాలి. ఫోర్‌కే సినిమా తడబడకుండా ఆడాలి. డాల్బీ ట్రూహెచ్‌డీ అనే సినిమా ధ్వనిని ముట్టుకోకుండా ఉన్నదున్నట్టు, స్పీకర్లను నడిపే రిసీవర్‌కు పంపాలి. పాత ఆప్టికల్ కేబుల్‌కు అంత ధ్వని పట్టదు కనుక హెచ్‌డీఎంఐ కేబుల్‌లోంచే వెళ్లాలి. అన్నిటికన్నా ముఖ్యంగా లోపల ఫ్యాన్ ఉండకూడదు. వీణ ఆగాక వచ్చే నిశ్శబ్దంలో గుయ్‌మని వినిపిస్తే ప్రాణం పోతుందట. నెత్తిమీద సీలింగ్ ఫ్యాన్ ఎప్పటినుంచో కిర్రుకిర్రుమంటోంది. దాని ఊసు ఎవరమూ ఎత్తలేదు.

సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో షాపు షాపూ తిరిగి, చివరికి ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న పెట్టె తెచ్చాడు. 6 వాట్ల ప్రాసెసర్, ఫ్యాన్ లేదు, పైన గాడులు గాడులుగా అల్యూమినియం. లోపలి వేడి ఆ అల్యూమినియంలోంచే బయటికి పోవాలి. టీవీ కింద అరలో పెట్టి, అందరి చెవులూ దానికి ఆనించి మరీ వినిపించాడు. నిజమే, ఏమీ వినపడలేదు.

సంక్రాంతికి అందరం చేరాం. 60 జీబీ పైచిలుకు సినిమా పెట్టాడు. అరగంట అద్భుతంగా ఆడింది. తర్వాత హీరో పరుగెత్తడం మానేసి గెంతడం మొదలుపెట్టాడు.

బావ ముందు కేబుల్ మార్చాడు. హీరో గెంతుతూనే ఉన్నాడు. "సినిమాలో సెకనుకు 24 బొమ్మలు. టీవీ 60 సార్లు చూపిస్తుంది. 60ని 24 పెట్టి భాగిస్తే సమంగా పోదు, అందుకే ఈ కుదుపు" అని అరిసెలు తింటున్న పిల్లలకు లెక్క చెప్పి, టీవీని 24కి మార్చాడు. గెంతులు ఇంకాస్త పెరిగాయి. మామయ్యకు గురక వచ్చింది. ఫైలు పాడైందేమోనని ఇంకో సినిమా పెట్టాడు. అందులో హీరోయిన్ కూడా గెంతింది.

ఆఖరికి టీవీ కింది అర తలుపు తీశాడు. పెట్టె కనపడలేదు. దాని మీద స్టీలు గిన్నె, గిన్నెతో పాటు పెట్టెకూ కలిపి చుట్టిన టర్కీ తువ్వాలు కనపడ్డాయి.

"అమ్మా!"

"కదపకురా, ఇంకా తోడుకోలేదు" అంది అత్తయ్య. "చలికి పెరుగు నీళ్లు నీళ్లుగా ఉంటోంది. నీ డబ్బా చూస్తే గోరువెచ్చగా ఉంది. ఊరికే పోతోందని పెట్టాను."

"వేడి పోయే దారి మూసేస్తే ఎలాగమ్మా? కాలిపోకుండా అదే తన వేగం తగ్గించేసుకుంటుంది!"

"అంత చిన్న డబ్బాకే తగ్గాలని తెలిసిందా? నువ్వెందుకురా గొంతు పెంచుతావు?"

రాత్రి భోజనాల్లో పెరుగు గడ్డలా ఉంది. గరిటె గుచ్చితే నిలబడింది. బావ మాట్లాడకుండా రెండోసారి వేయించుకున్నాడు. అదే అదనుగా అత్తయ్య అడిగింది:

"రేపు సినిమా ఎన్నింటికి వేస్తావురా? దోసెల పిండి రుబ్బుకోవాలి."