మీ ఓటు ఎవరికీ కనబడదు: ఆ ఆరు పాయింట్ల మెసేజ్‌కు జవాబు

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు పదకొండు సార్లు వచ్చింది. షిఫ్ట్ గ్రూపులో, కాలనీ గ్రూపులో, చివరికి మంచిర్యాలలో ఉండే మా బావ దగ్గర నుంచి కూడా. 2024 నవంబరులో మహారాష్ట్ర అసెంబ్లీ ఎన్నికలప్పుడు మా చంద్రపూర్ జిల్లా బల్లార్షా, రాజురా బొగ్గు గనుల్లో తిరిగిందే. పైన "తాజా" అని చేర్చి మళ్ళీ వదిలారు. చదవనివాళ్ళ కోసం అందులో ఏముందో చెప్తాను. యూనియన్ ఫలానా అభ్యర్థికి ఓటు వేయమనడమే చట్టవిరుద్ధమట. మన చందా డబ్బు పార్టీకి పోతోందట. యూనియన్ చెప్పినట్టు వేయకపోతే 9.3 కేసులు (చనిపోయిన కార్మికుడి ఇంట్లో ఒకరికి ఉద్యోగం ఇచ్చేవి), మెడికల్ రెఫరల్, క్వార్టర్ అన్నీ ఆగిపోతాయట. ఎవరికి వేశామో, ఓటు చీటీ చూపించే వీవీప్యాట్ యంత్రంలో యూనియన్ వాళ్ళకు తెలిసిపోతుందట. పోలింగ్ రోజు డ్యూటీకి రాకపోతే నాగా పడి ఆ రోజు జీతం పోతుందట. సొంతూళ్ళో కూడా పేరుంటే రెండు చోట్లా వేయొచ్చట. చివర "అందుకే యూనియన్ వదిలేయండి, లేదంటే పోలింగ్‌కే పోకండి" అని ఒక సలహా.

చిన్నవి ముందు తేల్చేస్తాను.

నాగా పడదు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 135బి సెక్షన్ ప్రకారం పోలింగ్ రోజు జీతంతో సెలవు. రోజుకూలీకి కూడా ఆ రోజు కూలీ ఇవ్వాలి. కాంట్రాక్టు వాళ్ళకు ఇది తెలియనివ్వరు కాబట్టి రెండోసారి చెప్తున్నాను: కూలీ ఇవ్వాలి. పంపుల దగ్గర, ఫ్యాన్ దగ్గర మనిషి లేకపోతే ప్రమాదం కదా, అలాంటి పనులకు ఆ సెక్షన్‌లోనే మినహాయింపు ఉంది. వాళ్ళు ఓటేసి వచ్చేలా షిఫ్ట్ సర్దించడం యూనియన్ పని.

రెండు చోట్లా ఓటు వేయడానికి లేదు. ఒక మనిషి పేరు ఒక్క నియోజకవర్గం జాబితాలోనే ఉండాలి. మా జిల్లా జివతి తాలూకాలో తెలంగాణ అంచున ఉన్న 14 ఊళ్ళ సంగతి వేరు. వాటి కోసం రెండు రాష్ట్రాలూ తగువు పడుతున్నాయి, అక్కడి జనం దగ్గర రెండు ఓటరు కార్డులు ఉన్నాయి. ఇక్కడ సాస్తిలో కాపురముండి తెలంగాణలోని చెన్నూరులో పేరు ఉంచుకున్నవాళ్ళది సరిహద్దు తగాదా కాదు. ఒక పేరు తీయించుకోండి.

యూనియన్ రాజకీయం మాట్లాడొద్దనే మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. కార్మిక సంఘాల సమాఖ్య ఏఐటీయూసీ 1920లో పుట్టినప్పటి నుంచి మన దేశంలో యూనియన్లు రాజకీయం మాట్లాడుతూనే ఉన్నాయి. బరంపురంలో పుట్టిన మన తెలుగాయన వి.వి. గిరి యూనియన్ నాయకుడిగా ఉంటూనే 1937లో బొబ్బిలి రాజా మీద నిలబడి గెలిచారు, తర్వాత కార్మిక మంత్రి అయ్యారు, 1969లో రాష్ట్రపతి అయ్యారు. బొగ్గు బ్లాకుల వేలం నిర్ణయం ఢిల్లీలో జరుగుతుంది. దానికి వ్యతిరేకంగా 2020 జూలైలో ఐదు యూనియన్లూ కలిసి మూడు రోజులు సమ్మె చేశాయి. సమ్మె చేయొచ్చు కానీ, ఆ నిర్ణయం చేసేవాళ్ళను ఎన్నుకునే రోజు మాత్రం నోరు మూసుకోవాలా? యూనియన్ చెప్పేది సలహా. వింటే వినండి, లేకపోతే లేదు.

చందా విషయం. యూనియన్ సాధారణ నిధిని పార్టీకి ఇవ్వడానికి వీల్లేదు. రాజకీయ పనులకు వేరే నిధి పెట్టుకోవాలి, దానికి చందా ఇవ్వమని ఎవరినీ బలవంతం చేయకూడదు, ఇవ్వనివాళ్ళకు ఏ ప్రయోజనమూ ఆపకూడదు. 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం 16వ సెక్షన్‌లో ఉన్న మాట ఇది. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఉంది. అనుమానం ఉంటే యూనియన్ ఆఫీసుకు పోయి లెక్కల పుస్తకం చూపించమని అడగండి. ఫార్వర్డ్ చేసిన పదకొండు మందిలో ఒక్కరైనా అడిగారా? నేను ఫోన్ చేసి కనుక్కున్నాను. ఒక్కరూ అడగలేదు.

ఇక నన్ను రాయడానికి కూర్చోబెట్టిన పాయింట్లు రెండు. 9.3 కేసు, వీవీప్యాట్.

మొన్న మొదటి షిఫ్ట్ దిగి టైమ్ ఆఫీసు దగ్గర నిలబడ్డాను. మా పక్క క్వార్టర్ అక్క వచ్చింది. ఆమె భర్త డ్యూటీలో ఉండగానే పోయాడు, కొడుకు ఉద్యోగం ఫైలు నడుస్తోంది. ఆ కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని ఎక్కడికి పోయినా వెంట తెచ్చుకుంటుంది. డెత్ సర్టిఫికెట్ మడతల దగ్గర చిరిగితే టేపు అంటించింది. ఫోన్ నా ముందు పెట్టి ఆ మెసేజ్ చూపించింది. "అన్నా, ఈసారి నేను ఓటుకు పోనే పోను. పోతే కదా ఎవలకేసిన్నో తెలిసేది" అంది.

ఇది రాసినవాడు ఆమె ముఖం చూసి ఉంటే బాగుండేది.

అక్కకు చెప్పిందే అందరికీ చెప్తున్నాను. సర్వీసులో ఉండగా చనిపోయిన కార్మికుడి ఇంట్లో ఒకరికి ఉద్యోగం అనేది వేతన ఒప్పందంలోని 9.3 క్లాజు. దాని మీద యాజమాన్యం సంతకం ఉంది. అది ఏ నాయకుడూ జేబులోంచి తీసి ఇచ్చేది కాదు. 2023 మే 20న సంతకాలైన పదకొండో ఒప్పందంలో జీతం 19 శాతం పెరిగింది. ఏ యూనియన్‌లో ఉన్నారు, ఎవరికి ఓటు వేశారు అని అడిగి పెంచారా? 2024 దసరాకు ముందు 93,750 రూపాయల బోనస్ వచ్చింది. యూనియన్ అంటే గిట్టనివాళ్ళ ఖాతాలో కూడా పడింది. ఓటు కోసం ఎవరైనా మీ ఫైలు ఆపుతామంటే, అది ఎన్నికల నేరం, ఏడాది దాకా జైలు. ఆ మాట అన్నవాళ్ళు మన యూనియన్ వాళ్ళైనా సరే.

వీవీప్యాట్‌లో కనబడేది అభ్యర్థి నంబరు, పేరు, గుర్తు. ఓటరు పేరు దాని మీద ఉండదు. అద్దం వెనక ఏడు సెకన్లు కనబడి, చీటీ తెగి సీలు వేసిన పెట్టెలో పడుతుంది. ఆ ఏడు సెకన్లూ అట్ట చాటున ఉండేది మీరొక్కరే. ఏజెంటు బయట కుర్చీలో కూర్చుని ఉంటాడు. నువ్వు ఎవరికి వేశావని ఎన్నికల కేసులో సాక్షిని కూడా అడగకూడదు. అదే 1951 చట్టం 94వ సెక్షన్. ఓటు రహస్యాన్ని బయటపెట్టిన అధికారికి, ఏజెంటుకు మూడు నెలల దాకా జైలు. ఇంత చేసి దాచిన ఓటును ఒక్క ఫార్వర్డ్‌తో బయటపెట్టేశారు. చూడకపోయినా చూస్తారని నమ్మించారు. అక్క ఇంట్లో కూర్చుంటే, చూసినంత పనీ అయిపోయినట్టే.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఓట్లు లెక్కపెట్టేది బూత్ వారీగానే. ఫలితాలు ఫారం 20లో బూత్ వారీగానే బయటికి వస్తాయి. మా కాలనీ బూత్‌లో దాదాపు అందరూ గని కుటుంబాలే. మీ ఓటు తెలియదు కానీ మన కాలనీ ఎటు వేసిందో తెలుస్తుంది. అన్ని బూత్‌లూ కలిపి లెక్కపెట్టే టోటలైజర్ కావాలని ఎన్నికల సంఘం 2008లోనే అడిగింది, 2015లో లా కమిషన్ కూడా సిఫారసు చేసింది. ఇంతవరకు రాలేదు. కాబట్టి అక్క భయం ఊరికే పుట్టలేదు.

ఇంకొకటి కూడా ఉంది. దీన్ని రాయడానికి నాకు బాధగానే ఉంది. మా యూనియన్ ఈసారి ఎవరికి ఓటు వేయమన్నదో నాకు పాంప్లెట్‌లో తెలిసింది. గేట్ మీటింగ్ పెట్టలేదు. అభ్యర్థులను పిలిచి కాంట్రాక్టు వాళ్ళకు హై పవర్ కమిటీ (హెచ్‌పీసీ) నిర్ణయించిన వేతనం గురించి, భూమి పోయినవాళ్ళ ఉద్యోగాల గురించి అడగలేదు. మాకు తెలియకుండా విడిగా అడిగి ఉంటే, ఏం జవాబు వచ్చిందో పాంప్లెట్‌లో లేదు. పైగా ఈ మెసేజ్ తిరుగుతుంటే, దీన్ని ఖండిస్తూ ఒక కాగితం వేయమని మా నాయకుల్లో ఒకాయనను అడిగాను. "భయముంటే ఓట్లు మనకే పడతాయి లే తమ్మీ" అన్నాడు. ఆ మాటతో నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా నాన్న చాందాలో (చంద్రపూర్‌లో) లాఠీ దెబ్బలు తిని కట్టుకున్న యూనియన్ ఇది.

మెసేజ్ అబద్ధం. మమ్మల్ని అడగకుండా సలహా ఇచ్చారన్న కోపం మాత్రం నిజం. అందుకని ఒక కాగితం రాశాను. అందులో రెండే కోరికలు. ఇకమీద ఏ ఎన్నికలోనైనా సిఫారసు చేసేముందు మూడు షిఫ్టులకూ గేట్ మీటింగ్ పెట్టి చేతులు ఎత్తించాలి. ఎవరి ఓటుకూ, ఎవరి ఫైలుకూ సంబంధం లేదని యూనియన్ లెటర్‌హెడ్ మీద రాసి నోటీసు బోర్డుకు అంటించాలి. ఇప్పటికి పన్నెండు సంతకాలు అయ్యాయి. మొదటి సంతకం అక్కది. రెండో షిఫ్ట్ వాళ్ళు శనివారం టైమ్ ఆఫీసు దగ్గర నన్ను కలవండి, పెన్ను నా దగ్గర ఉంటుంది.