సవరణ: ఎల్‌డీహెచ్ ఐసోఎంజైములకు సీరం నిల్వ

ఎలుకల రక్తంలో ఎల్‌డీహెచ్ (లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైము) ఐసోఎంజైములు, అంటే ఒకే పని చేసే దాని వేర్వేరు రూపాలు, కొలవడం గురించి ఇంతకుముందు రాసిన పోస్టులో, సీరాన్ని (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవాన్ని) మైనస్ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఫ్రీజ్ చేసి దాచుకోవచ్చని రాశాను. అది తప్పు. కాలేయం, అస్థికండరాల్లో ఎక్కువగా ఉండే ఎల్‌డీహెచ్-5 చలికి తట్టుకోదు. ఫ్రీజ్ చేసి కరిగిస్తే దాని చర్య పడిపోతుంది. గుండెలో ఎక్కువుండే ఎల్‌డీహెచ్-1 మాత్రం నిలబడుతుంది. దాంతో ఈ రూపాలను విడదీసి చూసే జెల్ మీద ఎల్‌డీహెచ్-5 చూపే ఐదో పట్టీ పలచబడి, కాలేయం దెబ్బతిన్న జంతువు కూడా బాగానే ఉన్నట్టు కనబడే ప్రమాదం ఉంది.

క్లినికల్ ఎంజైమాలజీ పాఠ్యపుస్తకాలు చెప్పేది ఇదీ: సీరాన్ని గది ఉష్ణోగ్రతలోనే ఉంచాలి, వీలైతే అదే రోజు కొలవాలి. రక్తం గడ్డకట్టాక ఆలస్యం చేయకుండా సెంట్రిఫ్యూజ్ చేసి కణాల నుంచి వేరుచేయాలి.

హీమోలిసిస్ (ఎర్రకణాలు పగిలిపోవడం) గురించి ఆ పోస్టులో రాసింది మారదు. ఎర్రకణాల్లో ఎల్‌డీహెచ్ సీరంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. గులాబీ రంగు తిరిగిన నమూనాను పక్కన పెట్టేయండి.