ఆన్‌లైన్ డిగ్రీ మానేసినవాళ్లంతా బద్ధకస్తులేనా?

మా స్టాఫ్ గ్రూపులోనే కాదు, చుట్టాల గ్రూపులోనూ అదే ఫార్వర్డ్. "ఆన్‌లైన్ డిగ్రీ మధ్యలో ఎందుకు మానేస్తారు? ఒకటి, ఆ డిగ్రీ చెల్లదు. రెండు, నెట్ ఉండదు. మూడు, చేరేదే బద్ధకస్తులు. నాలుగు, ఫీజు ముట్టాక కాలేజీ వాళ్లు పట్టించుకోరు." ఓ ఆన్‌లైన్ డిగ్రీ విభాగంలో స్టూడెంట్ సపోర్ట్ చూసేదాన్ని, ఇక ఊరుకోలేక రాస్తున్నా.

చెల్లదన్నది అబద్ధం. అనుమతి ఉన్న యూనివర్సిటీ, అనుమతి ఉన్న కోర్సు అయితే రెగ్యులర్ డిగ్రీతో సమానమేనని యూజీసీ 2022 సెప్టెంబరులోనే చెప్పింది. ఆ అనుమతి ఉందో లేదో చూసుకుని చేరండి, అంతే. నెట్ సంగతా? పాఠాలు రికార్డై ఉంటాయి, సిగ్నల్ ఉన్నప్పుడు చూసుకుంటారు.

ఇక మూడోది. బద్ధకస్తులట! పగలంతా షోరూంలో నిలబడి, పిల్లల్ని పడుకోబెట్టి, రాత్రి పదకొండు దాటాక లాగిన్ అయ్యేవాళ్లు బద్ధకస్తులైతే, మంచం మీద పడుకుని ఇది ఫార్వర్డ్ చేసేవాళ్లు కష్టజీవులు కాబోలు. మా స్క్రీన్ మీద 'చివరి లాగిన్' అని ఓ గడి ఉంటుంది. అది ఆగినచోట ఫోన్ చేస్తే ఏం తెలుస్తుందంటే, ఒకతను అసైన్‌మెంట్‌ని ఫోన్‌లో ఫొటోలు తీసి పీడీఎఫ్ చేశాడు, సైజు ఎక్కువైందని సైట్ తీసుకోలేదు, ఎవరిని అడగాలో తెలిసేసరికి గడువు దాటిపోయింది. నూటికి 30 మార్కుల దాకా ఇలాంటివాటికే కదా, ఒకటి పోతే ఇక పాసవ్వనేమోనని భయం. ఇంకొకామెకి పరీక్ష రోజు షిఫ్ట్ మార్చలేదు. సెమిస్టర్ ఫీజూ పిల్లల స్కూల్ ఫీజూ ఒకేసారి మీద పడితే ఏది ఆగుతుందో చెప్పక్కర్లేదు. పైగా ఈ బద్ధకం మాట ఇంట్లోవాళ్ల నోట విన్నాక సిగ్గుపడి మా ఫోన్ కూడా ఎత్తరు. ఎత్తితే పది నిమిషాల్లో తేలిపోయే పీడీఎఫ్ గొడవకి డిగ్రీయే పోతుంది.

నాలుగోది చూసి తిడదామనే కూర్చున్నా. కానీ అది చాలావరకు నిజం. అడ్మిషన్ల వాళ్లకి టార్గెట్లున్నాయి, చేరేదాకా రోజూ ఫోన్ చేస్తారు. చేరాక ఆ మనిషి మా దగ్గరికొస్తాడు, ఇక్కడ వందల మందికి ఒక్కరం. లాగిన్ ఆగినవాళ్ల జాబితాలో సగం పేర్లకి ఫోన్ చేసేలోపే పరీక్ష ఫీజుల హడావుడి మొదలవుతుంది. చేర్పించినందుకు ఇన్సెంటివ్ ఉంది, నిలబెట్టినందుకు లేదు. మీటింగులో మాత్రం "రిటెన్షన్ ఎందుకు పడిపోయింది" అని మమ్మల్నే నిలదీస్తారు.

కాబట్టి ఫార్వర్డ్ చేయాలనిపిస్తే మొదటి మూడూ కొట్టేసి నాలుగోదొక్కటే పంపండి, వీలైతే మా మేనేజ్‌మెంట్ గ్రూపుకి.