గొంతు పోయింది సరే, ప్రింట్లేమయ్యాయి?

మూకీ కామెడీ అనగానే చాప్లిన్ గుర్తొస్తాడు. కాస్త సినిమా పిచ్చి ఉన్నవాళ్లు బస్టర్ కీటన్, హెరాల్డ్ లాయిడ్ పేర్లు కూడా చెబుతారు. రేమండ్ గ్రిఫిత్ పేరు మాత్రం ఎవరి నోటా రాదు. 1925, 26ల్లో అతను హాలీవుడ్ స్టూడియో పారమౌంట్ వారి స్టార్ కమెడియన్. నెత్తిన సిల్క్ టోపీ, ఒంటిమీద దొరల డ్రెస్సు, సన్నని మీసం, కొంప మునుగుతున్నా చెదరని చిరునవ్వు.

క్లారెన్స్ బ్యాడ్జర్ తీసిన ‘హాండ్స్ అప్’ (1926) చూస్తే అతని పనితనం తెలుస్తుంది. అమెరికా అంతర్యుద్ధ కాలం. నెవాడా బంగారం లింకన్ పక్షానికి చేరకుండా ఆపాల్సిన దక్షిణాది గూఢచారి మన హీరో. దొరికిపోతాడు, తుపాకుల ముందు నిలబెడతారు. కీటన్ అయితే పరుగు లంకించుకునేవాడు. చాప్లిన్ అయితే మన కళ్లు తడిసేవి. గ్రిఫిత్ ప్లేట్లు తీసుకుని ఒక్కొక్కటే గాల్లోకి విసురుతాడు. సైనికులు అతన్ని వదిలేసి ప్లేట్లను కాల్చడంలో పడిపోతారు! అతను కింద పడి నవ్వించే రకం కాదు. బుర్రలో ఆలోచన పుట్టిన క్షణం ముఖంలో కనిపిస్తుంది, మనకు నవ్వొచ్చేది అక్కడే. ముగింపు ఇంకా కొంటెగా ఉంటుంది. అక్కాచెల్లెళ్లిద్దరూ తననే ప్రేమించారు, ఎవర్ని చేసుకోవాలి? అంతలో, బహుభార్యత్వం పాటించిన మోర్మన్ అనే మతశాఖ పెద్ద బ్రిగమ్ యంగ్ తన పరివారంతో అటుగా వస్తాడు. ఇంకేముంది, సమస్య తీరింది.

అతన్ని ఎందుకు మరిచిపోయారంటే అందరూ చెప్పే కారణం గొంతు. చిన్నప్పుడే గొంతు దెబ్బతింది. నాటకంలో రోజూ కేకలు వేసి పోగొట్టుకున్నానని అతను చెప్పుకునేవాడు, జబ్బు వల్లనేనని ఇంకొందరు అంటారు. ఏదైతేనేం, బొంగురు గుసగుస తప్ప మాట రాదు. టాకీలు రాగానే నటుడిగా కెరీర్ ముగిసింది. 1930లో మొదటి ప్రపంచ యుద్ధం మీద వచ్చిన ‘ఆల్ క్వయిట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’లో కత్తిపోటు తిని గోతిలో ప్రాణం వదిలే ఫ్రెంచ్ సైనికుడిగా కనిపిస్తాడు. ఒక్క మాట లేదు. కళ్లు తెరుచుకుని చనిపోయిన ఆ ముఖాన్ని చూశాక నిద్ర పట్టడం కష్టం. తర్వాత నిర్మాణ శాఖకు మారి ‘హైడీ’ (1937) లాంటి సినిమాలకు పనిచేశాడు. 1957లో పోయాడు.

కథ చక్కగా కుదిరింది, అందుకే నాకు అనుమానం. గొంతు లేకపోవడం 1929 తర్వాత పని దొరక్కపోవడానికి కారణం అవుతుంది. 1926 నాటి సినిమాను మనం మరిచిపోవడానికి ఎలా అవుతుంది? టాకీల్లో కీటన్ కూడా చితికిపోయాడు, అయినా మళ్లీ వెలుగులోకి వచ్చాడు. ఎందుకంటే అతని రీళ్లు దొరికాయి. కీటన్ పాత బంగళాను కొన్న నటుడు జేమ్స్ మేసన్‌కు అక్కడే కొన్ని కనిపించాయి. చాప్లిన్, లాయిడ్ తమ సినిమాల హక్కులు తమ దగ్గరే ఉంచుకుని ప్రాణంలా కాపాడుకున్నారు. గ్రిఫిత్ స్టూడియో జీతగాడు, సినిమాలు అతని చేతిలో లేవు. హీరోగా చేసినవాటిలో చాలావరకు పోయాయి. అప్పటి రీళ్లకు వాడిన నైట్రేట్ ఫిల్మ్ తనంతట తనే పాడవుతుంది, నిప్పు తగిలితే భగ్గుమంటుంది. పైగా టాకీలొచ్చాక పాత మూకీలతో వ్యాపారమేముంది? అమెరికాలో దాదాపు 11 వేల మూకీ ఫీచర్ సినిమాలు విడుదలైతే, అసలు రూపంలో మిగిలినవి 14 శాతమేనని 2013లో అక్కడి జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ లెక్క తేల్చింది. మన రఘుపతి వెంకయ్య నాయుడు తండ్రీకొడుకుల మూకీ ‘భీష్మప్రతిజ్ఞ’ కూడా ఇవాళ పేరుగానే మిగిలింది. కాబట్టి ‘మూకీ మహామహులు’ అని మనం వేసుకున్న జాబితాలో ప్రతిభ ఎంతో, బీరువా తాళం ఎవరి చేతిలో ఉందన్నదీ అంతే.

1975లో విమర్శకుడు వాల్టర్ కెర్ గ్రిఫిత్‌ను గట్టిగా వెనకేసుకొచ్చాడు. 2005లో ‘హాండ్స్ అప్’, భద్రపరచాల్సిన సినిమాల జాబితా అయిన అమెరికా జాతీయ సినిమా రిజిస్ట్రీకి ఎక్కింది.

గ్రిఫిత్‌దే మరో సినిమా ‘పాత్స్ టు ప్యారడైజ్’ (1925)కు ఆ మాత్రం అదృష్టం కూడా సగమే. నెక్లెస్ కొట్టేసిన ఇద్దరు దొంగలు, వెంట మోటార్‌సైకిళ్ల మీద పోలీసులు, మెక్సికో సరిహద్దు దాకా ఊపిరి సలపని ఛేజ్. మనసు మార్చుకుని నగ తిరిగిచ్చేసేది చివరి రీల్లో. ఆ రీలు లేదు. ఇప్పుడు చూసేవాళ్లకు దొంగలు సొత్తుతో సహా సరిహద్దు దాటేస్తారు.