నవ్వు మొహం బంతి

శుక్రవారం సాయంత్రం ఆరింటికి మా ఆఫీసులో ఒత్తిడి నివారణ శిబిరం పెట్టారు. హాజరు తప్పనిసరి. రాలేనివాళ్లు కారణం రాసి మేనేజరుకు మెయిల్ పెట్టాలి. ఆ మెయిల్ ఎలా రాయాలన్న టెన్షన్ కంటే వెళ్లడమే నయమని అందరం వెళ్లాం.

తలా ఒక పసుప్పచ్చ స్పాంజి బంతి పంచారు. దాని మీద నవ్వు మొహం, ఆ కింద కంపెనీ లోగో. "కోపం వస్తే నొక్కండి" అన్నాడు కోచ్. అరవై మందిమి నొక్కాం. కళ్లు మూసుకుని నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చమన్నాడు. పీల్చాం. వదలమనేలోపే ముందు వరుసలో ఒక ఫోన్ టింగుమంది. తర్వాత పది. అందరిదీ ఒకటే గ్రూపు కదా. సర్వర్ పడిపోయిందట. పీల్చిన గాలి లోపలే ఉండగా నలుగురు లాప్‌టాప్‌లు తెరిచారు. కోచ్ చెక్కుచెదరలేదు. "ఇప్పుడు మీరు సముద్రం ఒడ్డున ఉన్నారు" అన్నాడు. "క్లయింటు కూడా అక్కడే ఉన్నాడండీ" అని వెనక నుంచి ఎవరో. మా మేనేజరు ఒక కన్ను మూసుకుని, ఎడమ చేత్తో బంతి నొక్కుతూ, కుడిచేత్తో "ఎవరూ చూడరేం?" అని గ్రూపులో టైపు చేస్తున్నాడు.

శాస్త్రాన్ని తక్కువ చేయకూడదు. 1936లో కెనడాలోని మాంట్రియల్‌లో హాన్స్ సెల్యే అనే శాస్త్రవేత్త ఎలుకల్ని చలిలో పెట్టాడు, శక్తికి మించి శ్రమపెట్టాడు. ఏం చేసినా ఫలితం ఒకటే. కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులు ఉబ్బాయి, కడుపులో పుళ్లు పడ్డాయి, రోగనిరోధక శక్తికి అవసరమైన థైమస్ గ్రంథి కుంచించుకుపోయింది. బంతులు పంచి చూడాలని మాత్రం పాపం ఆయనకు తట్టలేదు.

సందులో కుక్క వెంటపడితే అడ్రినలిన్ అనే హార్మోను గుండెను ఉరికిస్తుంది, కార్టిసాల్ అనే ఇంకో హార్మోను రక్తంలోకి చక్కెర పంపిస్తుంది, అరుగుదల తర్వాత చూసుకోవచ్చని ఒళ్లు దాన్ని పక్కన పెడుతుంది. కుక్క మలుపు దాకానే తరుముతుంది. "చిన్న కాల్, రెండు నిమిషాలే" అన్నది రాత్రి పదకొండున్నరకు మంచం దాకా వస్తుంది.

నా పక్క సీటు కుర్రాడికి ముప్పై నాలుగేళ్లు. డ్రాయరులో స్టాప్లర్ పక్కన బీపీ మాత్రలు, వాటి పక్కన గ్యాస్ మాత్రలు. నెమ్మదిగా ఊపిరి వదిలితే గుండె నెమ్మదిస్తుంది, నిజమే. నడక మంచిది, నిద్ర ఇంకా మంచిది. పడుకోనిస్తేగా! ముగ్గురి పని ఒక్కడి నెత్తిన వేసి, వాడికి ఊపిరి పీల్చడం రాదని పాఠం చెబుతారా? ప్రపంచ ఆరోగ్య సంస్థే 2019లో బర్నవుట్‌ను, అంటే పని ఒత్తిడికి మనిషి పూర్తిగా అలసిపోవడాన్ని, జబ్బు అనలేదు, ఉద్యోగంతో వచ్చే సమస్య అని రాసింది. మీరేమో ఆ కుర్రాడి చేతిలో స్పాంజి పెట్టి ఫొటో తీసుకుంటారు. సిగ్గనిపించదా?

శనివారం రాత్రి ఫారం వచ్చింది. "మీ ఒత్తిడి ఎంత శాతం తగ్గింది? సోమవారం ఉదయం తొమ్మిదిలోపు నింపగలరు." నింపనివాళ్ల జాబితా ఆదివారం మధ్యాహ్నానికే గ్రూపులో పడింది. అందులో నా పేరు మూడోది.