టేబుళ్లన్నీ కుదించేస్తే డిస్క్ మిగులుతుందా?

పర్లాకిమిడిలో ఒక చిన్న డయాగ్నొస్టిక్ ల్యాబ్ ఉంది. గజపతి జిల్లా పల్లెల నుంచీ, సరిహద్దుకి ఇటు ఉన్న పాతపట్నం నుంచీ జనం వస్తారు. అందుకే పేర్లు, రిపోర్టుల్లో రాసే మాటలు కొన్ని తెలుగులో, కొన్ని ఒడియాలో ఉంటాయి. అన్నీ మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌లో, ఇన్నోడీబీ (అందులో డేటాని దాచే భాగం) టేబుళ్లలోకి చేరతాయి. ఇప్పుడు డిస్క్ నిండిపోతోంది. ల్యాబ్ నడిపే మావయ్య టేబుళ్లన్నిటి రో ఫార్మాట్‌నీ (వరుసల్ని డిస్క్ మీద దాచే పద్ధతి) కంప్రెస్డ్‌కి, అంటే కుదించి దాచేదానికి, మార్చేద్దామంటారు. విశాఖలో డేటాబేస్ పని చేసే మేనకోడలు వద్దంటుంది.

మావయ్య: ముందు మన లిపి సంగతి చూడు అమ్మలూ. యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా రాసే పద్ధతి) తెలుగైనా ఒడియా అయినా ఒక్కో గుర్తుకి 3 బైట్లు. అక్షరానికే కాదు, గుణింతానికీ, పొల్లుకీ విడివిడిగా లెక్క. 'క్షయ' అని రాస్తే 12 బైట్లు పోతాయి. ఆ మూడేసి బైట్లలో మొదటిది ఎప్పుడూ ఒకటే, రెండోది ఒక్కో లిపికి రెండే రకాలు. వచ్చిందే మళ్లీ మళ్లీ వస్తున్న డేటాని అలా పరిచి ఉంచడం దండగ కాదా? ఇన్నోడీబీ వాడే కుదింపు లైబ్రరీ జెడ్‌లిబ్ ఉన్నదే దాన్ని కుదించడానికి.

మేనకోడలు: పాత రిపోర్టుల టేబుల్ వరకు ఒప్పుకుంటాను మావయ్యా. అందులో రాసింది మళ్లీ దిద్దరు, అడిగినప్పుడు తీసి చూస్తారంతే. నా భయం బిల్లుల టేబుల్ గురించి. ఇన్నోడీబీ డేటాని 16 కేబీ ముక్కలుగా, అంటే పేజీలుగా, దాస్తుంది. కీ బ్లాక్ సైజ్ (కుదించిన పేజీ ఎంతలో పట్టాలో చెప్పే సెట్టింగ్) 8 పెడితే 16 కేబీ పేజీ కుదించాక 8 కేబీలో పట్టాలి. పట్టకపోతే ఆ పేజీని రెండుగా విడగొట్టి, రెండింటినీ మళ్లీ కుదించాలి. ఉదయం క్యూలో జనం నిలబడి ఉన్నప్పుడే ఆ పనంతా జరుగుతుంది.

మావయ్య: ప్రతి మార్పుకీ పేజీని మళ్లీ కుదించరు. చిన్న మార్పుల్ని పేజీలోనే ఒక లాగ్‌లో రాసుకుంటుంది కదా.

మేనకోడలు: ఆ లాగ్‌కి ఉన్నది కాస్త చోటే. నిండగానే మళ్లీ కుదించాల్సిందే. మన బిల్లు ఒకసారి రాసి వదిలేసేది కాదు. అడ్వాన్స్ కడతారు, బాకీ కడతారు, టెస్ట్ ఒకటి కలుపుతారు.

మావయ్య: సరే, పట్టక విఫలమయ్యేవి 5 శాతం దాటితే ఇన్నోడీబీయే పేజీల్లో కొంత ఖాళీ వదలడం మొదలుపెడుతుంది. విఫలాలు అవే తగ్గుతాయి.

మేనకోడలు: ఆ ఖాళీ ఎక్కడి నుంచి వస్తుంది? మీరు ఆదా చేద్దామనుకున్న చోటులోంచే. ఒక్కో పేజీలో అది 50 శాతం దాకా పెరగనిస్తారు.

మావయ్య: మరి మెమొరీ మాటేమిటి? చిన్న పేజీలైతే బఫర్ పూల్‌లో (చదివిన పేజీల్ని మెమొరీలో ఉంచే చోటు) ఎక్కువ పడతాయి.

మేనకోడలు: కుదించిన పేజీని చదవాలంటే విప్పాలి. అప్పుడు రెండు కాపీలూ బఫర్ పూల్‌లోనే కూర్చుంటాయి.

మావయ్య: డిస్క్ మీద ఒత్తిడి ఉంటే విప్పిన కాపీని తీసేసి, కుదించినదాన్ని ఉంచుతుంది. మనకున్నది పాత హార్డ్ డిస్క్, మన ఇబ్బందంతా అక్కడే. ప్రాసెసర్ చాలాసేపు ఖాళీగానే ఉంటుంది.

(ఈ మాట బలమైనదే. డిస్క్ నెమ్మదై, ప్రాసెసర్‌కి పని లేని మెషీన్‌లో చదవడమే ఎక్కువైన టేబుల్‌ని కుదిస్తే నిజంగా లాభం ఉంటుంది.)

మేనకోడలు: అందుకే రిపోర్టులకి సరేనన్నాను. కానీ చోటు ఎక్కువ తినేది స్కాన్ చిత్రాల టేబుల్. జేపెగ్ ముందే కుదించిన ఫైలు, రెండోసారి దాదాపు ఏమీ తగ్గదు. వాటిని ఫైళ్లుగా తీసి వేరే డిస్క్‌లో పెట్టండి, టేబుల్‌లో ఫైలు ఎక్కడుందో రాసుకుంటే చాలు.

మావయ్య: పెన్‌డ్రైవ్ బ్యాకప్ అయినా చిన్నదవుతుంది కదా?

మేనకోడలు: అవ్వదు. మైఎస్‌క్యూఎల్ డంప్ (బ్యాకప్ తీసే ప్రోగ్రామ్) టేబుల్‌ని విప్పి మామూలు టెక్స్ట్‌గానే రాస్తుంది. బ్యాకప్ చిన్నది కావాలంటే డంప్‌ని జీజిప్‌తో కుదించండి, టేబుల్ జోలికి పోనక్కర్లేదు.

మావయ్య: పేజీ కంప్రెషన్ అని ఇంకోటి ఉందిగా, ఫైల్లో ఖాళీ రంధ్రాలు చేసేది? మైఎస్‌క్యూఎల్ 5.7 వెర్షన్‌లో వచ్చింది.

మేనకోడలు: మనది విండోస్. దాని ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్‌ఎస్ మామూలు సెట్టింగ్‌లో కుదింపు యూనిట్ 64 కేబీ, మన పేజీ 16 కేబీ. యూనిట్ కన్నా చిన్న పేజీలో రంధ్రం పడదు, ఏమీ మిగలదు.

మావయ్య: అయితే బిల్లుల్ని ఉన్నవి ఉన్నట్టే వదిలేయమంటావు.

మేనకోడలు: వదలొద్దు, డైనమిక్ అనే రో ఫార్మాట్‌కి మార్చండి. అవి ఇంకా కాంపాక్ట్ అనే పాత ఫార్మాట్‌లో ఉన్నాయి. 5.7.9 నుంచి డైనమిక్ డిఫాల్ట్ అయింది కానీ, అప్‌గ్రేడ్ చేసినంత మాత్రాన పాత టేబుళ్లు మారవు. కాంపాక్ట్‌లో పొడవైన కాలమ్ పేజీలో పట్టక బయటికి పోయినా మొదటి 768 బైట్లు రోలోనే ఉండిపోతాయి. మన లిపిలో అవి 256 గుర్తులు. రిమార్కుల్లాంటి కాలమ్‌లు పది దాటాయంటే 'రో సైజు మరీ పెద్దది' అని ఎర్రర్ వస్తుంది. డైనమిక్‌లో అలాంటి కాలమ్‌కి రోలో 20 బైట్ల పాయింటర్ ఒక్కటే ఉంటుంది. ఇండెక్స్‌లో (త్వరగా వెతకడానికి ఉండే సూచీ) ఒక కాలమ్‌కి ఉన్న పొడవు హద్దు కూడా 767 బైట్ల నుంచి 3072కి పెరుగుతుంది. గుర్తుకి 4 బైట్ల చొప్పున యూటీఎఫ్8ఎంబీ4లో లెక్కేస్తే 191 నుంచి 768 గుర్తులకి. రెండు లిపుల్లో పేర్లు రాసుకునే మనకి అది కావాలి.

మావయ్య: ఇంత డిస్క్ నిండాక ఇవన్నీ మార్చడం ఎలా?

మేనకోడలు: అదే అన్నిటికన్నా ముందు చూడాల్సింది. ఆల్టర్ (టేబుల్‌ని మార్చే ఆదేశం) చేస్తే కొత్త కాపీ తయారయ్యాకే పాత ఫైలు పోతుంది. ఆ చోటు లేకుండా మొదలుపెట్టొద్దు. ముందు స్కాన్‌లు తీసి ఆ టేబుల్‌ని మళ్లీ కట్టండి, ఉత్త డిలీట్‌తో ఫైలు తగ్గదు. ఫైల్ పర్ టేబుల్ (ఒక్కో టేబుల్‌ని విడి ఫైల్లో పెట్టే సెట్టింగ్) ఆన్‌లో ఉందో లేదో కూడా చూడండి. సిస్టమ్ టేబుల్‌స్పేస్ అనే ఉమ్మడి ఫైల్లో ఉన్న టేబుల్‌ని తీసినా ఆ ఫైలు చిన్నదవ్వదు.

మావయ్య: రిపోర్టులకి కీ బ్లాక్ సైజ్ 4 పెడదాం. ఎలాగూ దిద్దనివి.

మేనకోడలు: నేను 8 అంటాను. మీ లెక్కా నా లెక్కా రెండూ వేరే మెషీన్‌లో కాపీ మీద చూద్దాం. ఇండెక్స్‌వారీ సీఎంపీ (కుదింపు) లెక్కలు ఆన్ చేయండి, కాపీలోనే సుమా, నడుస్తున్న మెషీన్‌లో అది బరువు. కుదించే ప్రయత్నాలు ఎన్ని, అందులో కుదిరినవి ఎన్ని అని రెండు అంకెలు వస్తాయి. 4 పెట్టినప్పుడు ఆ రెండింటి మధ్య తేడా పెద్దగా ఉంటే 8కి ఒప్పుకోవాలి మీరు.

మావయ్య: తేడా లేకపోతే 4కి నువ్వు ఒప్పుకోవాలి. బిల్లుల టేబుల్‌నీ అదే కాపీలో కుదించి చూస్తాను, అక్కడ నేనింకా తగ్గలేదు.