కొలతకు రాని కిలోమీటర్లు

మారథాన్ దూరం 42.195 కిలోమీటర్లన్న సంగతి జన్మలో పరుగెత్తనివారికి కూడా కంఠతా వచ్చు. 1908 లండన్ ఒలింపిక్స్‌లో విండ్సర్ కోట దగ్గర మొదలై స్టేడియంలో రాచవారి ఆసనాల ఎదుట ముగిసిన ఆ దూరాన్ని 1921లో అధికారికంగా ఖాయం చేశారు. నాటి నుంచి దానికి వెంట్రుకవాసి లోటు రాకుండా కాపాడడంలో నిర్వాహకులు చూపే నిష్ఠ చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. సైకిలు ముందు చక్రానికి లెక్కింపు యంత్రం బిగించి, ప్రతి మలుపులోనూ పరుగెత్తే మనిషికి సాధ్యమైన అతి దగ్గరి దారిని తొక్కి మరీ కొలుస్తారు. అప్పటికీ తృప్తి లేక, దూరం తగ్గిందన్న మాట పడకూడదని కిలోమీటరుకు ఒక మీటరు చొప్పున మొత్తం నలభై రెండు మీటర్లు కొసరు వేస్తారు. ఇంతటి నిష్ఠాపరులే, వాహనం నిలిపే చోటి నుంచి ప్రారంభ రేఖ ఎంత దూరమని అడిగితే, "దగ్గరేనండీ" అని ఒక్క మాటతో తేల్చేస్తారు.

ఈ "దగ్గరే" అన్న ప్రమాణాన్ని నిపుణులు ఇంతవరకు పట్టించుకోకపోవడం విచారకరం. తెల్లవారుజామున చీకట్లో వెళ్లేటప్పుడు దానికొక పొడవు ఉంటుంది, పరుగు ముగించి అడుగు తీసి అడుగు వేయలేని స్థితిలో తిరిగొచ్చేటప్పుడు అంతకు మూడింతలుంటుంది. పైగా ఆ రోజు దారులన్నీ మూసి ఉంటాయి. రోడ్లు మూసేది పరుగెత్తేవారి క్షేమం కోసమే, ఆ మూసిన రోడ్ల దగ్గర అందరికంటే ముందు చిక్కుకుపోయేదీ పరుగెత్తేవారే. బారికేడ్ ముందు బారులు తీరిన కార్లలో నుంచి ఒక పెద్దమనిషి తల బయటికి పెట్టి, నాలుగు పిన్నీసులతో గుండెకు గుచ్చుకున్న బిబ్‌ను, అంటే పందెం నంబరు చీటీని, రాజముద్రికలా చూపిస్తూ, "మేం పందెంలో పరుగెత్తేవాళ్లమండీ" అంటాడు. మెడలో ఈల వేలాడుతున్న వలంటీరు ఎంతో మర్యాదగా, "అయితే మీరు పరుగెత్తండి సార్, కారు మాత్రం వెనక్కి తిప్పుకోండి" అంటాడు. ఈ సమాధానంలో తర్కదోషం ఎక్కడుందో నాకు నేటికీ దొరకలేదు.

నిజం చెప్పాలంటే, ఆ రోజు మొత్తంలో సవ్యంగా ఏర్పాటై ఉండే భాగం పరుగొక్కటే. అందులో దారి తప్పకుండా బాణం గుర్తులుంటాయి, కొన్ని కిలోమీటర్లకొకసారి నీళ్లిస్తారు, ముక్కూ మొహం తెలియనివారు చప్పట్లు కొడతారు, కూలబడితే ఎత్తుకుపోవడానికి బండి వెనకాలే వస్తుంది. పందెం దగ్గరికి చేరడానికి పడే పాట్లలో గానీ, అక్కడి నుంచి ఇల్లు చేరడానికి పడే పాట్లలో గానీ ఈ నాలుగింటిలో ఒక్కటైనా ఉండదు. కాబట్టి రెండు కఠిన ప్రయాణాల నడుమ దొరికే విశ్రాంతి ఘట్టంగానే పరుగును పరిగణించాలని, అసలు పోటీగా ఆ రాకపోకలనే గుర్తించాలని క్రీడాలోకానికి సవినయంగా ప్రతిపాదిస్తున్నాను.

ఈ సత్యాన్ని పెద్ద పెద్ద పందేల నిర్వాహకులు ఏనాడో గ్రహించారనడానికి ఆధారాలున్నాయి. 1897లో మొదలైన బాస్టన్ మారథాన్‌లో నేటి పద్ధతి ప్రకారం, ఉదయాన్నే బాస్టన్ నడిబొడ్డున నిక్షేపంగా నిలబడి ఉన్న మనుషులను బస్సులెక్కించి, హాప్‌కింటన్ అనే ఊళ్లో దించి, ఇక మీ కాళ్ల మీద మీరు బాస్టన్ రండని వదిలేస్తారు. చేరవలసిన చోటే ఉన్న మనిషిని దూరంగా తీసుకుపోయి వదిలి, అతను వెనక్కి వస్తే మెడలో పతకం వేయడమన్నది సామాన్య బుద్ధికి అందే ఆలోచన కాదు. బస్సు ఎంతకీ ఆగకుండా పోతున్నకొద్దీ, ఈ దారంతా తిరిగి రావలసింది తామేనన్న ఎరుక కలిగి, లోపలివారి మాటలు ఒక్కొక్కటిగా ఆగిపోతాయట.

న్యూయార్క్‌వారిది ఇంకొక మెట్టు పైన. 1970లో వారు సెంట్రల్ పార్కులోనే చుట్లు కొట్టించి పంపేవారు. ఇంత సుఖం క్రీడకు తగదనుకున్నారో ఏమో, 1976 నుంచి నగరంలోని అయిదు బరోలనూ (పెద్ద విభాగాలనూ) చుట్టే దారి వేసి, ఆరంభాన్ని స్టాటెన్ ద్వీపం వైపు వంతెన దగ్గర పెట్టారు. ఆ వంతెనను పరుగు కోసం మూసేస్తారు కనుక, దాని మీద పరుగెత్తవలసినవారు వేళకు ముందే బస్సుల్లోనో పడవ మీదో వచ్చి, గంటల తరబడి చలిలో కూర్చుంటారు. తొడుక్కొచ్చిన పాత స్వెటర్లను పరుగుకు ముందు అక్కడే వదిలేసి పోతే దానధర్మాలకు సేకరిస్తారు. దక్షిణాఫ్రికాలో డర్బన్, పీటర్‌మారిట్జ్‌బర్గ్ నగరాల మధ్య సుమారు 90 కిలోమీటర్లు సాగే కామ్రేడ్స్ పందెంలో సాధారణంగా ఏటా దిశ మార్చేస్తారు. తిరుగు ప్రయాణపు తిప్పలు ఒకే ఊరివారికి రాసిపెట్టి ఉండకూడదన్న సామాజిక న్యాయం కాబోలు!

నియమావళి కూడా ఈ విషయంలో మౌనంగా ఏమీ లేదు. ఆరంభానికీ ముగింపుకూ మధ్య సూటి దూరం పందెం దూరంలో సగానికి మించితే ప్రపంచ రికార్డును ఒప్పుకోరు. 2011లో బాస్టన్‌లో జెఫ్రీ ముతాయ్ 2 గంటల 3 నిమిషాల 2 సెకన్లలో పరుగు ముగించినా, ఈ నియమం వల్లా, దారి పల్లంగా ఉండడం వల్లా దానికి ప్రపంచ రికార్డు గుర్తింపు దక్కలేదు. ముగింపు రేఖకూ పార్కింగుకూ మధ్య దూరం గురించి మాత్రం నియమావళిలో ఒక్క అక్షరం లేదు. ఈ లోపాన్ని సరిదిద్దేవరకు నేను నిద్రపోను.

రవాణా సమస్యను చిత్తశుద్ధితో పరిష్కరించబోయిన ఒకే ఒక్క క్రీడాకారుడికి ఏ గతి పట్టిందో కూడా చెప్పుకోవాలి. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్ మారథాన్‌లో ఫ్రెడ్ లార్జ్ అనే ఆయన సుమారు 14 కిలోమీటర్ల దగ్గర కాళ్లు పట్టేసి, కారెక్కి, మరో 18 కిలోమీటర్లు హాయిగా ప్రయాణం చేశాడు. ఆ కారు కూడా దారిలో చెడిపోవడంతో దిగి, మిగతాది పరుగెత్తి, అందరికంటే ముందు స్టేడియంలో అడుగు పెట్టి జేజేలందుకున్నాడు. నిజం తెలియగానే ఆయన్ను తరిమేశారు. (మరుసటి ఏడాది బాస్టన్ మారథాన్ ఆయనే గెలిచాడు, అదీ తన కాళ్ల మీదే.) ఆయన నేరమల్లా వాహనాన్ని పందెం మధ్యలో వాడడం. ముందో వెనకో వాడి ఉంటే అందరిలాగే ట్రాఫిక్‌లో చిక్కుకుని గౌరవంగా బతికేవాడు.

నేను కోరే కొత్త నిబంధనలు అమలులోకి వస్తే మొదట అనర్హత వేటు పడవలసిన ఒక వర్గం ఉంది. వీరు బిబ్‌ను ముందు రోజే తెచ్చుకుంటారు. రోడ్లు ఏ వేళకు మూస్తారో చదివి, ఆ వేళకు ముందే ఆ గీత దాటేస్తారు. కారును ఆరంభం దగ్గర కాక ముగింపు దగ్గర నిలిపి, అక్కడి నుంచి షటిల్ బస్సులో ఆరంభానికి పోతారు, లేదా అసలు కారే తీయకుండా రైలెక్కి, ఒక కిలోమీటరు ముందే దిగి, ఆ నడకను సన్నాహమని బుకాయిస్తారు. సామాన్ల సంచిలో పొడి బట్టలు, వదులు చెప్పులు పెట్టుకుంటారు. ఇంటివారిని కలుసుకోవడానికి ఫలానా విగ్రహం కింద అని ఇంటి దగ్గరే ఒప్పందం చేసుకుంటారు. చెప్పుకోవడానికి ఒక్క కష్టమూ లేకుండా ఇల్లు చేరే ఇటువంటివారి వల్ల క్రీడకు మిగిలే గౌరవమేమిటి?

నిజమైన క్రీడాకారుడు "ముగింపు రేఖ దగ్గర కలుద్దాం" అని చెప్పి బయలుదేరతాడు. వేలమంది అదే మాట చెప్పి వచ్చిన ఆ చోట, సిగ్నల్ అందని ఫోనును చెవికి నొక్కిపట్టి, "నేనిక్కడే ఉన్నాను" అని అరుస్తాడు. అవతలి నుంచి అర్ధాంగి కూడా "నేనూ ఇక్కడే ఉన్నానండీ" అంటుంది. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఆ తరువాత పాదచారుల వంతెన మెట్లు వస్తాయి. పరుగు ముగించిన తొడలతో వాటిని ఎక్కడం ఒక ఎత్తు, దిగడం మరొక ఎత్తు. కమ్మీ పట్టుకుని పక్కవాటుగా, వెనక్కి తిరిగి, ఒక్కొక్క మెట్టే దిగుతున్న జనాన్ని ఏ టీవీ ఛానలూ ప్రత్యక్ష ప్రసారం చేయకపోవడం ఘోరమైన వివక్ష.

అందుచేత, పరుగు సమయాన్ని నమోదు చేసే చిప్ లెక్కను ఇంటి గడప దగ్గర మొదలుపెట్టి తిరిగి ఇంటి గడప దగ్గరే ముగించాలి. పతకాన్ని కూడా ముగింపు రేఖ దగ్గర కాకుండా, ఎవరి వాహనం దగ్గర వారికి, తలుపు తెరిచిన క్షణాన మెడలో వేయాలి. దీనివల్ల నిర్వాహకులకు ఖర్చు పెరుగుతుందన్న బెంగ అక్కర్లేదు. తెల్లవారుజామున ఆ చీకట్లో బండి ఎక్కడ నిలిపారో గుర్తున్నవారే అర్హులు కనుక, చేయించవలసిన పతకాల సంఖ్య గణనీయంగా తగ్గిపోతుంది.